చూడ్డానికి వేరే, గురికి వేరే

మా ఆయన ఏ వస్తువు కొనాలన్నా ముందు ఒక నెల జ్వరం తెచ్చుకుంటాడు. రైస్ కుక్కర్‌కి తెచ్చుకున్నాడు, లాన్ మోవర్‌కి తెచ్చుకున్నాడు, చివరికి మేకలకి కూడా తెచ్చుకున్నాడు. పడుకునే ముందు రివ్యూలు, లేవగానే వీడియోలు, మధ్యలో ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి ఇంకో రెండు వీడియోలు. అందుకే ఆ నవంబర్‌లో "థర్మలా, నైట్ విజనా" అని నిద్రలో కూడా గొణుగుతుంటే నేనేం కంగారు పడలేదు. జ్వరమే కదా, దానంతట అదే తగ్గుతుంది అనుకున్నాను. తగ్గలేదు.

మేం ఉండేది వర్జీనియాలో. ఆష్‌బర్న్ దాటి కొండల వైపు పోతే ఇళ్ళు పలచబడి, రాళ్ళు పేర్చిన పాత గోడలు, గుర్రాల ఫామ్‌లు మొదలవుతాయి, అక్కడ. ఉద్యోగాలు మాత్రం ఇద్దరివీ ఆష్‌బర్న్‌లోనే. తను సాఫ్ట్‌వేర్. నేను డేటా సెంటర్లలో ఎలక్ట్రికల్ ఇంజినీర్‌ని. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయి, టౌన్‌హౌస్ అమ్మేసి, కాస్త నేల ఉన్న ఈ ఇల్లు కొన్నాం. నేలుంది కదా అని తను మేకల్ని తెచ్చాడు. "కోసుకు తినడానికి కాదు, పెంచుకోడానికి" అంటాడు. మా ఫ్రెండ్స్ ఎవరూ నమ్మరు. ఆదివారం వచ్చి పోతుపిల్లల వైపు అదో రకంగా చూస్తూ, "ఏం బ్రో, దసరాకి ఏమైనా ప్లాన్ ఉందా?" అని అడుగుతారు.

మా అత్తయ్య సెప్టెంబర్‌లో వచ్చారు, ఆరు నెలలు ఉండి వెళ్దామని. ఒంగోలు పక్క మనిషి. మేకల్ని చూడగానే ఆవిడ జెట్ లాగ్ ఎగిరిపోయింది. మా ఆయన యూట్యూబ్ చూసి నేర్చుకున్నదంతా వారం రోజుల్లో పక్కన పెట్టేశారు. "అలా కాదురా, ఇలా పట్టుకో" అని ఆయన్ని పక్కకి నెట్టి ఈనే మేకకి కాన్పు చేశారు. ఆ కాన్పులో పుట్టిన రెండు పిల్లల్లో ఒకటి, చెవుల దగ్గర తెల్లగా ఉండేది, ఆవిడ వెంటే తిరిగేది. బేస్‌మెంట్‌లో ఆవిడ గదికి పెరట్లోకి విడిగా తలుపుంది. ఆ తలుపు తీస్తే చాలు, గంతులేసుకుంటూ వచ్చేసేది.

నవంబర్ మొదట్లో ఒక పొద్దున ఆ పిల్ల కనిపించలేదు. పెరటి చివర రాతిగోడ అవతల, ఎండిన గడ్డిలో కొంచెం వెంట్రుకలు, మిగతాది చెప్పను. అత్తయ్య ఆ రోజు కాఫీ కూడా తాగలేదు. "నక్కే" అన్నారు. నక్క కాదు, కయోటీ. నక్కకి పెద్దన్న, తోడేలుకి చిన్న తమ్ముడు అనుకోండి. మా పక్క ఫామ్ పెద్దాయన వచ్చి అడుగుజాడలు చూసి అదే అన్నాడు. ఈ ఏడాది కోళ్ళు పోయాయట ఆయనవి.

ఇక్కడ కయోటీల్ని సొంత నేలలో రాత్రిపూట వేటాడొచ్చు. మా ఆయనకి లైసెన్సుంది, ఆ పెద్దాయన దగ్గర నేర్చుకుని రెండేళ్ళుగా జింకల సీజన్‌లో వెళ్తున్నాడు. రైఫిల్ గన్ సేఫ్‌లో ఉంటుంది, తాళం తన దగ్గరుంటుంది. అంతా పద్ధతిగానే. ఒక్కటే పద్ధతి తప్పాడు. ఇంట్లో తుపాకీ ఉందని వాళ్ళమ్మకి చెప్పలేదు.

"చెప్తే ఏమవుతుంది?" అన్నాను.

"అమ్మకి బీపీ. తుపాకీ అంటే పోలీసులు, శవాలు అనుకుంటుంది. వద్దులే, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు.

మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా. పెద్దవాళ్ళకి ఏదైనా దాచాలంటే బీపీ అనే మాట ఒకటుంది. నేనూ ఊరుకున్నాను.

ఇక జ్వరం సంగతికొస్తాను. చీకట్లో చూడ్డానికి రెండు దారులున్నాయి. ఒకటి నైట్ విజన్. ఉన్న కాస్త వెలుతురునీ పోగేసి చూపిస్తుంది, చాలకపోతే మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ టార్చి ఒకటి వేస్తుంది. దాన్లో గడ్డి గడ్డిలా, చెట్టు చెట్టులా, జంతువు కళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి. రెండోది థర్మల్. దానికి వెలుతురుతో పనే లేదు. వేడిని చూస్తుంది. వెచ్చగా ఉన్నదల్లా తెల్లగా, చల్లగా ఉన్నదల్లా నల్లగా. పొద మాటున దాక్కున్నా పట్టేస్తుంది, కానీ మొహం చూపించదు. వెచ్చటి ముద్దని చూపిస్తుంది, అది ఏంటన్నది నువ్వే తేల్చుకోవాలి.

పక్క ఫామ్ పెద్దాయనది నైట్ విజన్ పార్టీ. "నేను కాల్చేదాని చెవులు, తోక చూడాలి. తెల్ల మచ్చని కాల్చను" అంటాడు. మా ఆయనది థర్మల్ పార్టీ. అదీ రైఫిల్ మీద బిగించే థర్మల్ స్కోప్. చూడ్డం, గురిపెట్టడం రెండూ దాంతోనే అయిపోతాయి, ఒక్క వస్తువుతో సరిపోతుంది అని వాదన.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే థర్మల్ కెమెరా నా అన్నం. డేటా సెంటర్‌లో ప్యానెల్ తలుపులు తీసి ఏ కనెక్షన్ వదులై వేడెక్కుతోందో చూసేది దాంతోనే. అది ఎన్ని వేషాలేస్తుందో నాకు తెలుసు. మెరిసే రాగిబద్ద మీద నా మొహం వేడే ప్రతిఫలించి, అక్కడేదో కాలిపోతోందని చూపిస్తుంది. కొత్తలో నేనలా రెండుసార్లు సూపర్‌వైజర్‌ని పరిగెత్తించి నవ్వులపాలయ్యాను. అందుకే అన్నాను.

"థర్మల్ కొను, కాదనను. కానీ చేత్తో పట్టుకునేది కొను. మోనాక్యులర్. ముందు దాంతో చూడు, ఏంటో తేల్చుకో, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకో."

"అప్పుడు గురికి?"

"గురికి ఆయన దగ్గర నైట్ విజన్ అడిగి తెచ్చుకో. లేదా వచ్చే ఏడాది కొనుక్కో. చూడ్డానికి తుపాకీ ఎత్తే పద్ధతేంటి అసలు? స్కోప్‌లోంచి దేన్ని చూస్తే దాని మీదకే కదా గొట్టం తిరిగేది? పక్కింటాయన చెత్తడబ్బా పెట్టడానికొస్తే ఆయన మీదకి తిప్పుతావా?"

"పేలకుండా సేఫ్టీ ఉంటుందిగా. వేలు ట్రిగ్గర్ మీద పెట్టనుగా. నువ్వు మరీను."

ఆ "మరీను" వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మేం విడిగా ఉన్నప్పుడు నువ్వు అంటే నువ్వు అనుకుంటాం, అత్తయ్య ముందు మాత్రం "ఏవండీ, మీరు" అంటాను. అంతలో ఆవిడ పక్క గదిలోకి వచ్చిన అలికిడైంది కాబట్టి "మీ ఇష్టం అండీ, మీకు తోచినట్టు చేసుకోండి" అని గిన్నెలు కాస్త గట్టిగా సింక్‌లో పడేశాను. ఆ చప్పుడుకి అర్థం తనకి తెలుసు. అయినా జ్వరం ముదిరిపోయింది కదా.

శనివారం షాంటిలీ వెళ్ళి కూరగాయలు, మినప్పప్పు కొనుక్కుని, దారిలో వేట సామాన్ల షాప్‌కి వెళ్ళాం. సేల్స్ అబ్బాయి థర్మల్ మోనాక్యులర్ ఒకటి తన చేతిలో పెట్టాడు. షాప్‌లో మనుషులు, లైట్లు, కాఫీ మెషీన్ అన్నీ దాన్లో తెల్లగా వెలుగుతున్నాయి. తను మురిసిపోయి, పార్కింగ్ లాట్ ఎలా కనిపిస్తుందో చూద్దామని ఎంట్రన్స్ గాజు తలుపు వైపు తిప్పాడు.

"ఏయ్, ఇది పాడైపోయింది. ఎవడో లావుపాటి వాడు అడ్డమొచ్చాడు" అన్నాడు.

"అది నువ్వే మహానుభావా. గాజుకి అవతల ఏముందో థర్మల్ చూడదు, అద్దంలో చూసినట్టు నీ వేడే నీకు చూపిస్తుంది" అన్నాను. ఆ సేల్స్ అబ్బాయికి తెలుగు రాదు గానీ, మా ఆయన మొహం చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

అంత జరిగినా చివరికి స్కోపే కొన్నాడు. రెండూ కొనేంత బడ్జెట్ లేదు. చేతిది కొంటే కాల్చలేం, స్కోప్ కొంటే చూడనూవచ్చు, కాల్చనూవచ్చు అని తేల్చాడు. నేను కారెక్కి తలుపు గట్టిగా వేశాను.

స్కోప్‌లో ఒక సౌకర్యం ఉంది. అది చూసేదంతా ఫోన్‌లోకి వస్తుంది, రికార్డ్ కూడా అవుతుంది. రైఫిల్‌కి బిగించి, షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాగితం మీద గురి సరిచూసుకున్నాక, రోజూ డిన్నర్ అయి అత్తయ్య కిందికి వెళ్ళాక తను మేడ మీది డెక్‌కి వెళ్ళేవాడు. అక్కడ స్టాండ్ మీద రైఫిల్ పెట్టి పెరడంతా గాలించేవాడు. డిసెంబర్‌లో ఐదింటికే చీకటి కదా, ఎనిమిదింటికి అర్ధరాత్రిలా ఉంటుంది. కయోటీ రాలేదు గానీ జింకలొచ్చేవి, పిల్లి కన్నా కాస్త పెద్దగా ఉండే రక్కూన్లొచ్చేవి. ఆ వీడియోలు పొద్దున్నే కాఫీ తాగుతూ వాళ్ళమ్మకి చూపించేవాడు. జంతువుల్ని చూసే కెమెరా అని చెప్పాడు ఆవిడకి. ఆవిడకి భలే సరదా. "అదిగో తల్లి, అదిగో దాని వెనకాల పిల్ల" అని సీరియల్ చూసినట్టు చూసేవారు.

ఒక రోజు అడిగారు. "మధ్యలో ఆ ప్లస్ గుర్తేంట్రా?"

"సెంటర్ తెలియడానికమ్మా" అన్నాడు. నేను దోసె తిరగేస్తూ వినీ విననట్టు ఊరుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అత్తయ్యకి మిగిలిన అన్నం చెత్తబుట్టలో వెయ్యడమంటే ప్రాణం పోయినంత పని. వచ్చిన కొత్తలో వరండా మెట్ల మీద పెట్టేవారు, ఏ కుక్కైనా తింటుందని. ఇక్కడ వీధికుక్కలెక్కడివి? రక్కూన్లొచ్చి చెత్తడబ్బాలు బోర్లా పడేశాయి. మా ఆయన విసుక్కున్నాడు. "అమ్మా, ఇక్కడ బయట తిండి పెట్టకూడదు. అడవి జంతువులొస్తాయి." ఆవిడ సరే అన్నారు. మా అత్తయ్య సరే అన్నారంటే దానర్థం మాట వినబడింది అని మాత్రమే. నాకు అప్పుడే తెలిసుండాల్సింది, కానీ ఆ తర్వాత మెట్ల మీద ఏమీ కనిపించలేదు కాబట్టి మానేశారనుకున్నాను.

ఆ రాత్రి చలి ఎముకలు కొరికేలా ఉంది. గాలి మాత్రం లేదు. అత్తయ్య భోజనం చేసి, "నడుం వాలుస్తానమ్మా" అని కిందికి వెళ్ళారు. నేను గిన్నెలు డిష్‌వాషర్‌లో పెట్టి, ఎందుకో బుద్ధిపుట్టి, రెండు కప్పుల టీ పట్టుకుని డెక్ మీదకి వెళ్ళాను. కోపం ఉన్నా పాపం ఒక్కడే చలిలో కూర్చున్నాడని. దుప్పటి ఒకటి కప్పుకుని పక్కన కూర్చుని, ఫోన్‌లో స్కోప్ చూసేది చూస్తున్నాను. తను ఎడమ చివర చెట్ల దగ్గర్నుంచి మెల్లగా తిప్పుకుంటూ వస్తున్నాడు. నల్లటి నేల. పగలంతా ఎండకి కాగిన రాతిగోడ సన్నగా బూడిదరంగులో. ఏమీ లేదు.

గోడ కుడి చివరకొచ్చేసరికి ఒక తెల్లటి ముద్ద.

తను జూమ్ పెంచాడు. ఈ స్కోప్‌లో జూమ్ అంటే ఉన్న బొమ్మనే సాగదియ్యడం. గళ్ళుగళ్ళుగా అయిపోయింది. ఎండిన గడ్డి అడ్డంగా, దాని వెనక నేలకి ఆనుకుని బాగా వెచ్చగా ఉన్న ముద్ద ఒకటి. దానికి పక్కనే కదులుతున్న చిన్న చిన్న తెల్లటి చుక్కలు, కాళ్ళలాగా.

"వచ్చింది" అన్నాడు గుసగుసగా. "తల దించుకుని ఏదో తింటోంది. పిల్ల పోయిన చోటే, చూడు."

నిజంగా అలాగే ఉంది. నేనూ అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఉత్సాహం వచ్చింది. ఆ తెల్లచెవుల పిల్ల గుర్తొచ్చి, కానియ్యి అన్నట్టు చూస్తున్నాను. సేఫ్టీ తీసిన చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు. ప్లస్ గుర్తు మెల్లగా జరిగి ఆ ముద్ద మీద ఆగింది, తర్వాత కొంచెం పైకి జరిగింది.

అప్పుడు ఫోన్‌లో ఒక సన్నటి తెల్లటి గీత పైనుంచి కిందికి జారింది. ఆగింది. మళ్ళీ జారింది.

ఒక్క క్షణం అదేంటో నాకు తట్టలేదు. రోజూ పనిలో చూసే బొమ్మల్లో అలాంటిది లేదు. ఆ గీత ఆగాక చిన్న చుక్క ఒకటి గాల్లో విదిలించినట్టు అటూ ఇటూ ఆడింది, రెండుసార్లు. దాన్ని నేను రోజూ చూస్తాను. భోజనం అయ్యాక, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు చేతి మీద పోసుకుని, ఆ తడి చెయ్యి రెండుసార్లు విదిలించే మనిషి మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

అరిస్తే ఉలిక్కిపడతాడేమో. చెయ్యి వేస్తే కదిలిపోతుందేమో. ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ గొంతు, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా అన్నాను.

"వేలు తియ్యి. అది అత్తయ్య."

తను ఏంటి అనలేదు, ఎలా తెలుసు అనలేదు. సేఫ్టీ మళ్ళీ పడిన చప్పుడు విన్నాను. రైఫిల్ గొట్టం ఆకాశం వైపు తిరిగింది. ఫోన్‌లో బొమ్మంతా నల్లగా అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో కింద గోడ దగ్గర్నుంచి మా అత్తయ్య గొంతు, సన్నగా, స్పష్టంగా.

"దా... దా... ఎక్కడున్నావే, వచ్చి తిను తల్లీ."

మా ఆయన రైఫిల్‌లోంచి తూటాలు తీసేశాడు. ఒకటి డెక్ మీద దొర్లిపోయింది. దాన్ని వెతకలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ తల ఎత్తలేదు. నేనే లేపి, రైఫిల్ సేఫ్‌లో పెట్టించి, తాళం వేసిందాకా పక్కనే నిలబడ్డాను.

కిందికి వెళ్ళేసరికి అత్తయ్య తలుపు వేసుకుంటున్నారు. మా ఆయన పాత చలికోటు, మోకాళ్ళ దాకా వచ్చేది. దాని కిందనుంచి చీర కుచ్చిళ్ళు. తలకి ఉన్ని టోపీ, పైన కళ్ళు తప్ప మొహమంతా చుట్టిన శాలువా. ఒక చేతిలో ఖాళీ స్టీల్ గిన్నె, ఇంకో చేతిలో చెంబు. అంత దట్టంగా కప్పుకుంటే లోపలి వేడి బయటికెలా వస్తుంది? స్కోప్‌కి కనిపించింది ఆవిడ చేతులు, ఆ గిన్నెలోంచి కుమ్మరించిన అన్నం. అంతే.

"ఎక్కడికెళ్ళారు అత్తయ్యా?" అన్నాను.

"ఎక్కడికీ లేదమ్మా, ఇక్కడే..." అని గిన్నె వెనక్కి దాచుకున్నారు, చిన్నపిల్లలా.

"అన్నం అంత వేడిగా ఎందుకు ఉంది?"

"నీకెలా తెలుసు? మైక్రోవేవ్‌లో పెట్టాను. ఈ చలికి చల్లటి మెతుకులు ఎవరికి పెడతామమ్మా, జంతువైతే మాత్రం? చారన్నంలో రెండు బొమికలు కలిపాను." ఆగి, మా ఆయన మొహం చూసి, తప్పు చేసినట్టు గొంతు తగ్గించారు. "కోప్పడకురా. బక్కచిక్కిన కుక్క ఒకటి వస్తోంది. అదే నక్క అయినా అవనీ. దాని కడుపు నిండితే మన పిల్లల జోలికి రాదు కదా అని. పోయినదాని తోబుట్టువు ఇంకొకటుంది కదా. అది కూడా పోతే నేను చూళ్ళేనురా."

దాన్ని మా పెరట్లోకి రోజూ పిలిచి తెచ్చుకుంటున్నది ఎవరో అప్పుడు అర్థమయింది నాకు. ఇంకెప్పుడైనా అయితే నా నోరు ఊరుకునేది కాదు. మా ఆయన వాళ్ళమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని, తనే కడిగి బోర్లించాడు. ఆవిడ కొడుకు వైపు వింతగా చూశారు. "ఏంట్రా, జ్వరమా?" అని నుదురు ముట్టుకుని చూశారు. తను రాత్రంతా మేలుకునే ఉన్నాడు.

నిజం మర్నాడు పొద్దున తనంతట తనే బయటపడింది. కాఫీ తాగుతూ అత్తయ్య అలవాటుగా ఫోన్ అందుకున్నారు, రాత్రి ఏం వచ్చాయో చూద్దామని. ఫోన్ లాక్కునేంత టైమ్ లేదు మా ఆయనకి. లాక్కుంటే ఇంకా అనుమానం. ఇద్దరం నిలబడిపోయాం. ఆవిడ వీడియో చూస్తున్నారు.

"ఇదేంటిది, కుక్కా? ...ఆగు, ఇది మన గోడే కదూ." ఫోన్ దగ్గరికి పెట్టుకున్నారు. "చెంబు నీళ్ళు... అయ్యో, నేనేరా!" అని గలగలా నవ్వారు. "నన్ను కూడా తీసిందే మీ కెమెరా. ఎంత చిన్నగా ఉన్నానో చూడు."

నవ్వుతూనే ఆగిపోయారు. వేలు పెట్టి చూపించారు.

"ఈ గుర్తు నా మీదుందేంటి?"

వీడియోలో నా గొంతు కూడా ఉంది. వేలు తియ్యి, అది అత్తయ్య అన్న మాట. ఆవిడ దాన్ని వెనక్కి జరిపి ఇంకోసారి విన్నారు. తర్వాత ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టారు.

"ఇది కెమెరా కాదు" అన్నారు. అడగడం కాదు, చెప్పడం.

"కాదమ్మా" అన్నాడు. "తుపాకీది."

నేను బీపీ మాత్రల డబ్బా వైపు చూశాను. ఆవిడకేమీ కాలేదు. కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. ఏడిచింది మా ఆయన. నలభై దాటిన మనిషి, వాళ్ళమ్మ కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆవిడ మోకాలికి తల ఆనించి ఏడ్చాడు. ఆవిడ కొడుకు తల నిమురుతూ నా వైపు చూసి అడిగారు.

"చూసుకోడానికి విడిగా ఏమీ అమ్మరా అమ్మా ఇక్కడ? చూడాలంటే దాంతోనే చూడాలా?"

"అమ్ముతారు అత్తయ్యా" అన్నాను. అన్ని రోజులు వాదించి ఓడిపోయినదాన్ని, గెలిచిన రోజు నాకేం సంతోషం అనిపించలేదు. పక్క ఫామ్ పెద్దాయన మాట కూడా నిజమే. ఆయన నైట్ విజన్ అయితే చీర అంచుతో సహా ఆవిడని చూపించేది. నా థర్మల్, తన థర్మల్, రెండూ చూపించేది ఆ వెచ్చటి ముద్దనే. తేడా ఒక్కటే, చేతిలో ఉన్నదాని వెనక తూటా ఉండదు.

ఆ వారమే స్కోప్ వాపసు ఇచ్చి మోనాక్యులర్ తెచ్చాం. ఈసారి రివ్యూలు లేవు, జ్వరం లేదు. చీకటి పడకముందే మేకల్ని షెడ్‌లో వేసి తలుపు బిగిస్తున్నాం. గోడ దగ్గర అన్నం ఆగింది, కయోటీ రావడం తగ్గింది. మా ఆయన ఆ చలికాలం మళ్ళీ రైఫిల్ తియ్యలేదు. తీస్తావా అని నేనడగలేదు. మోనాక్యులర్ మాత్రం అత్తయ్య సొత్తయిపోయింది. డెక్ మీద శాలువా కప్పుకుని కూర్చుని షెడ్‌లోకి వెళ్తున్న మేకల్ని లెక్కపెట్టుకుంటారు.

ఆవిడ మనసులో ఏదైనా మిగిలిందేమో అని మొదట భయపడ్డాను. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, కొడుకుని ఒక్క మాట అనలేదు, బంధువులకి ఫోన్‌లో చెప్పలేదు. ఒక్కటే మారింది. పెరట్లోకి అడుగు పెట్టే ముందు తలుపు దగ్గర ఆగి, పైకి చూసి గట్టిగా అంటారు.

"నేనేరా!"

చీకట్లో అంటే అర్థం ఉంది. పట్టపగలు కూడా అంటారు. మేకలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళినా, మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళినా, ఎండలో ఒడియాలు పెట్టడానికి వెళ్ళినా, తలుపు తియ్యగానే "నేనేరా" అంటారు. ఆవిడకి తెలిసి అంటారో, అలవాటై అంటారో నేనడగలేదు.

మా ఆయన ఎక్కడున్నా బదులు చెప్తాడు. ఆఫీస్ మీటింగ్‌లో అందరి ముందు మాట్లాడుతూ ఉన్నా సరే, వన్ సెకండ్ అని మైక్ ఆపేసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆవిడ కనిపించిందాకా చూసి, అప్పుడంటాడు.

"చూశానమ్మా."

అది వినబడ్డాకే ఆవిడ గడప దాటుతారు.